ఆది చొక్కా ఉందా?

జాకెట్టు కుట్టించాలంటే మన ఇళ్ళలో మొట్టమొదట వినిపించే మాట ఏమిటి? 'ఆది జాకెట్టు పెట్టావా?' అవునా, కాదా! కొత్త బట్టతో పాటు, ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి సంచీలో పెట్టి పంపకపోతే టైలర్ కత్తెర పట్టుకోదు. 'చేతులు దీనికంటే అరంగుళం పొట్టి, మెడ కాస్త పైకి' అని చెబితే చాలు, అంతా అర్థమైపోతుంది. ఈ పద్ధతి ఎవరికీ బళ్ళో నేర్పలేదు. అమ్మల నుంచి కూతుళ్ళకి అలా వచ్చేసిందంతే.

మరి మగవాళ్ళకో? ఆది చొక్కా అనే మాట ఎన్ని ఇళ్ళలో వింటాం? చాలా తక్కువ. దానికో కారణం ఉంది. మగవాళ్ళ కొలతలు ఎప్పుడూ టైలర్ పుస్తకంలోనే ఉండేవి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఆయన అంకెలు చదువుతుంటే, పక్కన కుర్రాడు గబగబా రాసుకునేవాడు. ఆ అంకెలేమిటో తొడుక్కునే మనిషికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. ఏటా పండక్కి వెళ్ళి నిలబడితే సరిపోయేది. ఆ తర్వాత రెడీమేడ్లు వచ్చాయి. '40 ఇవ్వండి', '42 ఉందా?' అని అడగడం అలవాటైంది. టైలర్ పుస్తకం మూలపడింది.

ఇప్పుడు అవసరం మళ్ళీ వచ్చిపడింది. అయితే ఈసారి టేపు పట్టుకోవాల్సింది టైలర్ కాదు... మనమే!

పెళ్ళికొడుకు అక్కడ, షేర్వానీ ఇక్కడ

అబ్బాయి డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటాడు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు దిగుతాడు. షేర్వానీ, రిసెప్షన్ సూటు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ముందే తయారై ఉండాలి. 'కొలతలు పంపరా నాన్నా' అంటే వాట్సాప్‌లో ఓ అంకె వచ్చి వాలుతుంది: 'చెస్ట్ 40, వెయిస్ట్ 34'. అంతే!

మధుపర్కాలతో ఈ బాధ లేదు చూడండి. తెల్లబట్ట, ఎర్ర అంచు. సన్నగా ఉన్నవాడికీ అదే, బొద్దుగా ఉన్నవాడికీ అదే. కొలత అడగని బట్ట అది. కుట్టు పడిన బట్టే కొలత అడుగుతుంది.

ఇంకో వైపు చూద్దాం. కొడుకు బెంగళూరులో ఉంటాడు. నాన్నగారు ఊళ్ళో. మోకాళ్ళ నొప్పులతో బజారు దాకా వెళ్ళలేరు. ఆయన షష్టిపూర్తికి మంచి లినెన్ బట్ట తీసి కుట్టించాలని కొడుకు ముచ్చట. ఎప్పుడో పదేళ్ళ కిందటి చొక్కా సైజు గుర్తుంది కదా అని దానికే కుట్టించి పంపేస్తాడు. ఆ పదేళ్ళలో నాన్న భుజాలు కాస్త ముందుకు వంగాయి. మెడ సన్నబడింది. పొట్ట పెరిగింది. చొక్కా తొడుక్కుంటే మెడ దగ్గర వదులు, పొట్ట దగ్గర గుండీల మధ్య సందులు! 'ఎలా ఉంది నాన్నా?' అని అడిగితే ఆయన ఏమంటారో మీకు తెలుసు. 'బానే ఉందిరా' అంటారు. ఆ చొక్కా మడతపెట్టి బీరువాలోకి వెళుతుంది. మళ్ళీ బయటికి రాదు.

నష్టపోయింది బట్టా, కుట్టుకూలీ మాత్రమేనా? ఆ కొడుకు ముచ్చట కూడా! అరగంట ఓపిగ్గా కొలిచి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఒళ్ళు వేరు, బట్ట వేరు

ఇంట్లో తీసే కొలతలు ఎందుకు తేడా కొడతాయి? టేపు సరిగ్గా పట్టకపోవడం ఒక కారణం. కానీ పెద్ద కారణం అది కాదు. కొలతలు రెండు రకాలని తెలియకపోవడం.

మొదటిది ఒంటి కొలత. ఛాతీ చుట్టూ టేపు పెడితే 40 అంగుళాలు వచ్చింది. అది ఒళ్ళు. రెండోది బట్ట కొలత. 40 అంగుళాల ఛాతీకి చొక్కా కూడా 40 అంగుళాలే కుడితే ఏమవుతుంది? చెయ్యెత్తలేం, కూర్చోలేం, గట్టిగా ఊపిరి తీస్తే గుండీలు ఊడతాయి! అందుకే మామూలు చొక్కాకి ఛాతీ దగ్గర సుమారు నాలుగు అంగుళాలు వదులు కలిపి 44 దాకా కుడతారు. ఒంటికి అతుక్కున్నట్టు కావాలంటే ఆ వదులు తగ్గిస్తారు. పెద్దవాళ్ళకి గాలి ఆడేలా కావాలంటే ఐదారు అంగుళాలు ఇస్తారు.

ఇప్పుడు చూడండి. మీరు '44' అని ఒక్క అంకె పంపారు. అది ఒంటి కొలత అనుకుంటే టైలర్ దానికి మరో నాలుగు కలిపి 48 కుడతాడు. అది గోనెసంచీ అవుతుంది. మీరు '40' అని పంపారు. అది చొక్కా కొలత అనుకుంటే కలపకుండా 40 కుడతాడు. అది పిల్లాడి చొక్కా అవుతుంది. తప్పు టేపుది కాదు. ఆ అంకె దేనిదో చెప్పకపోవడానిది.

కాబట్టి ఒకటే సూత్రం పెట్టుకోండి. ఒంటి కొలతలూ పంపాలి, బాగా కుదిరిన చొక్కా కొలతలూ పంపాలి. ఒంటి కొలత మనిషి ఎంత ఉన్నాడో చెబుతుంది. ఆది చొక్కా ఆ మనిషికి ఎంత వదులు ఇష్టమో చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన కనబడితే, సముద్రాల అవతల ఉన్న మనిషి కూడా మంచి టైలర్‌కి ఎదురుగా నిలబడినట్టే.

ముందు టేపు సంగతి

అసలు ఈ అంగుళాల గోలేమిటి అని మీకు అనుమానం రావచ్చు. మన దేశం 1956లోనే చట్టం చేసుకుని మెట్రిక్ పద్ధతికి మారింది. బట్ట మీటర్లలోనే కొంటున్నాం. కానీ టైలర్ దగ్గర మాత్రం ఇప్పటికీ అంగుళాలదే రాజ్యం. పూలమ్మాయి మూర చెయ్యిని బట్టి మారుతుంది గానీ, అంగుళం మారదు. 1959 నుంచి అది సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. విదేశాల్లో దొరికే టేపుల్లో సెంటీమీటర్ల వైపు చూసి రాసే ప్రమాదం ఉంది. కాలర్ 40 అని వస్తే కంగారు పడకండి. అవి సెంటీమీటర్లు. అంగుళాల్లో 15 ముప్పావు అన్నమాట. అందుకే ప్రతి అంకె పక్కనా అంగుళాలో, సెంటీమీటర్లో రాయాల్సిందే.

టైలర్లు వాడే మెత్తటి టేపు కావాలి. మామూలుగా 60 అంగుళాలు ఉంటుంది. వడ్రంగి వాడే ఇనుప టేపు ఒంటికి పనికిరాదు. ఏళ్ళ తరబడి కుట్టు మిషను సొరుగులో పడున్న టేపు అయితే సాగిపోయి ఉండొచ్చు. పిల్లల స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి. టేపే లేదా? సాగని పురికొస చాలు. ఒంటికి చుట్టి, కలిసిన చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచి చూసుకోవచ్చు. అంకెలున్న టేపు రాకముందు పాశ్చాత్య దేశాల టైలర్లు కూడా సన్నటి పట్టీల మీద గాట్లు పెట్టుకునే ఒళ్ళు కొలిచేవారు.

ఇక నియమాలు. ఎవరి ఒళ్ళు వాళ్ళు కొలుచుకోకూడదు. చెయ్యెత్తగానే భుజం కదులుతుంది, తల వంచగానే వెన్ను వంగుతుంది. భార్యో, తమ్ముడో, రూమ్మేటో... ఇంకొకరు ఉండాల్సిందే. పల్చటి బనీను మీద కొలవాలి. ప్యాంటుకైతే బెల్టు తీసేయాలి, జేబుల్లోంచి పర్సూ ఫోనూ బయట పెట్టాలి. కడుపునిండా భోంచేసి వెంటనే కొలవొద్దు. టేపు ఒంటిని తాకాలి గానీ నొక్కకూడదు. చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. వీపు వైపు జారిపోయిందేమో వెనక్కి వెళ్ళి చూడండి. ప్రతి కొలతా రెండుసార్లు తీయండి. అరంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి తీయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. నిలబడే తీరు! టేపు చూడగానే మగవాళ్ళు మిలటరీ వాళ్ళయిపోతారు. ఛాతీ పొంగుతుంది, పొట్ట వీపుకి అంటుకుంటుంది. 'ఏవండీ, ఊపిరి వదలండి' అని ఇల్లాలు చెప్పాల్సిందే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పొట్ట లోపలికి లాగితే టేపుని మాయ చేయొచ్చు. రేపు విందులో కూర్చున్నప్పుడు చొక్కాని మాయ చేయలేం కదా! ఆయనతో మాటలు కలపండి. క్రికెట్ గురించో, పక్కింటి వాళ్ళ గురించో అడగండి. మాటల్లో పడి మామూలుగా నిలబడ్డప్పుడు టేపు చదవండి.

చొక్కాకి...

మెడ: గొంతుముడికి కింద, కాలర్ కూర్చునే చోట చుట్టూ టేపు పెట్టండి. టేపు కింద ఒక వేలు ఆడాలి. ఇలా వేలు పెట్టి కొలిచానని రాయండి. లేకపోతే మీరు వదిలిన వదులుకి టైలర్ మరో అరంగుళం కలుపుతాడు.

షోల్డర్: ఇదే అన్నిటికంటే కష్టం. చెయ్యి పక్కకి ఎత్తితే భుజం చివర చిన్న గుంట పడుతుంది. అక్కడే ఎముక చివర తగులుతుంది. చెయ్యి దించాక, ఒక ఎముక చివర నుంచి రెండో ఎముక చివర దాకా, వీపు మీదుగా కొలవాలి. మధ్యలో టేపు మెడ కిందుగా వెళ్ళాలి. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక ఉంటుందే, దాని దగ్గరగా అన్నమాట.

ఛాతీ: చంకల కిందుగా, వెనక రెక్కల ఎముకల మీదుగా, ఎక్కువ వెడల్పున్న చోట. టేపు చుట్టాక చేతులు దించమనండి. చేతులు ఎత్తి ఉంచితే అంకె మారిపోతుంది.

పొట్ట: మగవాళ్ళ చొక్కా కొలతల్లో చాలామంది వదిలేసేది ఇదే. బొడ్డు దగ్గర, లేదా ఎక్కడ ఎక్కువ ముందుకు వస్తే అక్కడ. నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి కొలవండి. పొట్ట ఉన్నవాళ్ళకి కూర్చుంటే పెరుగుతుంది. గుండీలు ఊడేది అప్పుడే మరి!

చెయ్యి: భుజం ఎముక చివర నుంచి, మోచెయ్యి కొద్దిగా వంచి, దాని మీదుగా మణికట్టు ఎముక దాకా. చెయ్యి తిన్నగా చాపి కొలిస్తే, బండి హ్యాండిల్ పట్టుకోగానే కఫ్ పైకి లాగేస్తుంది. రెండు చేతులూ కొలవండి. అందరికీ సమానంగా ఉండవు. జబ్బ, మణికట్టు చుట్టుకొలతలు కూడా రాయండి. వాచీ పెట్టుకునే చెయ్యేదో చెబితే ఆ కఫ్ కాస్త వదులుగా పెడతారు.

పొడవు: వెనక మెడ ఎముక నుంచి కిందికి. టక్ చేసుకుంటారా, బయటికి వదిలేస్తారా అన్నది కూడా చెప్పాలి. టక్ చేసే చొక్కా పొడుగ్గా ఉండాలి. లేకపోతే వంగినప్పుడల్లా బయటికి వచ్చేస్తుంది.

ప్యాంటు దగ్గర అసలు పరీక్ష

'నా నడుము 34' అంటారు చాలామంది ధీమాగా. ఎలా తెలుసు? ప్యాంటు లేబుల్ మీద ఉంది! ఆ లేబుల్‌ని మాత్రం నమ్మకండి. 2010లో ఎస్క్వైర్ అనే అమెరికన్ పత్రిక ఒక పని చేసింది. రకరకాల కంపెనీల ప్యాంట్లు, అన్నిటి మీదా 36 అనే రాసి ఉన్నవి తెచ్చి టేపుతో కొలిచింది. ఒకటి 37 వచ్చింది. ఇంకోటి ఏకంగా 41! కొనేవాడికి సంతోషంగా ఉండాలని కంపెనీలు అంకె తగ్గించి రాస్తాయి. టైలర్ అలా రాయడు. మీరు 34 అంటే ఆయన 34కే కత్తిరిస్తాడు.

నడుము కొలవాల్సింది ప్యాంటు నిలిచే చోట. అది మనిషి మనిషికీ మారుతుంది. కుర్రాళ్ళు బొడ్డుకి బాగా కిందుగా కడతారు. నాన్నగారు బొడ్డు మీదికి కడతారు. కొందరైతే పొట్ట కిందికి దించి కడతారు. రోజూ తొడుక్కునే ప్యాంటు తొడుక్కోమని, దాని పై అంచు ఎక్కడుందో చూసి, అక్కడే కొలవండి.

సీటు దగ్గర వెనక భాగం ఎక్కువ ఎత్తున్న చోట చుట్టూ, కాళ్ళు దగ్గరగా పెట్టించి కొలవాలి. తొడ పైభాగం, మోకాలు, కింద బాటం కూడా రాయాలి.

పొడవు రెండు రకాలుగా తీయాలి. నడుము అంచు నుంచి పక్కగా కిందికి ఒకటి. కాళ్ళ మధ్య నుంచి లోపలివైపు కిందికి రెండోది. ఉదాహరణకి మొదటిది 41, రెండోది 30 వచ్చిందనుకోండి. తేడా 11 అంగుళాలు. నడుము నుంచి కాళ్ళ మధ్య దాకా ఉన్న ఎత్తు అది. ఇది తక్కువైతే కూర్చున్నప్పుడు పట్టేస్తుంది, ఎక్కువైతే వేలాడుతుంది. బొడ్డు మీదికి కట్టే పెద్దాయనకి, కిందికి కట్టే కుర్రాడికి నడుము, పొడవు ఒకేలా వచ్చినా ప్యాంట్లు వేరుగా కుట్టాల్సింది ఇందుకే. ఇంకో మాట... ఆ ప్యాంటు మీదికి వేసుకునే బూట్లతోనే పొడవు కొలవండి. రబ్బరు చెప్పులతో కొలిచి, పెళ్ళిలో బూట్లేసుకుంటే చీలమండలు కనిపిస్తాయి.

టేపు చేతిలో ఉండగానే ఇంకొక కొలత కూడా తీసిపెట్టుకోండి. ఇది టైలర్‌కి కాదు, డాక్టర్‌కి. ఆఖరి పక్కటెముకకీ, తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో చుట్టూ కొలవాలి. మన దేశపు మగవాళ్ళకి అది 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువని వైద్యులు చెబుతారు. లేబుల్ మీద 34 చూసి మురిసిపోయే పెద్దమనిషికి ఈ అంకె చూపించండి. చొక్కా కంటే ముందు నడకకి బూట్లు కొంటారేమో!

షేర్వానీ, చుడీదార్

హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ వైపు వెళితే షేర్వానీ దుకాణాల్లో ఇలాంటి కొలతల కాగితాలు చాలానే చూసి ఉంటారు. షేర్వానీకి చొక్కా కొలతలన్నీ కావాలి. వాటితో పాటు మెడ పక్కన భుజం మొదలయ్యే చోటు నుంచి ముందువైపుగా మోకాలి దాకా పొడవు కావాలి. వెనక మెడ ఎముక నుంచి అదే ఎత్తు దాకా మరో పొడవు కూడా తీయండి. లోపల కుర్తా వేస్తారా, బనీనేనా అన్నది చెప్పండి. కొలత మాత్రం బనీను మీదే తీయండి. కుర్తాకి కావలసిన చోటు టైలర్ చూసుకుంటాడు.

చుడీదార్‌కి పిక్క చుట్టుకొలత తప్పనిసరి. దాంతోపాటు మడమ నుంచి పాదం పైభాగం మీదుగా చుట్టుకొలత కూడా తీయండి. కింది అంచు సన్నగా ఉంటుంది కదా, పాదం దూరాలంటే దారి ఉండాలి! పొడవు చీలమండ దాకా కొలిచి అంతే రాయండి. కింద మడతలు పడటానికి కావలసిన అదనపు బట్ట మీరు కలపొద్దు. అది కుట్టేవాడి లెక్క.

టేపు చెప్పలేనివి

ఛాతీ 40, పొట్ట 38 ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టండి. ఒకరు నిటారుగా ఉంటారు, ఒకరు కొంచెం ముందుకు వంగి ఉంటారు. అంకెలు ఒకటే. చొక్కా ఒకటే సరిపోతుందా? వంగిన వ్యక్తికి వీపు మీద బట్ట ఎక్కువ కావాలి, ముందువైపు తక్కువ కావాలి. ఇద్దరికీ ఒకేలా కుడితే ఈయన కుర్తా వెనక అంచు పైకి లేస్తుంది. పొట్ట ఉన్నవాళ్ళకి దీనికి తిరగబడి, ముందు అంచు పైకి లేస్తుంది. కొందరికి ఒక భుజం రెండోదాని కంటే కిందికి ఉంటుంది. టేపుకి ఇవేవీ తెలియవు.

టైలర్‌కి ఎదురుగా నిలబడితే ఆయన కళ్ళే ఈ పని చేస్తాయి. మనం దూరం నుంచి పంపుతున్నాం కాబట్టి ఫోటోలు కావాలి. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి... మూడు. బనీను, ప్యాంటుతో, తల నుంచి కాళ్ళ దాకా. ఫోను నడుము ఎత్తులో పట్టుకోవాలి. పై నుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. నవ్వక్కర్లేదు, పోజులు అసలే వద్దు.

పెద్దవాళ్ళ విషయంలో మరికాస్త శ్రద్ధ పెట్టండి. వాళ్ళు ఎక్కువసేపు కూర్చునే ఉంటారు కాబట్టి కూర్చున్నప్పటి కొలతలకే విలువ ఎక్కువ. చెయ్యి పైకి లేవని వాళ్ళకి చంక దగ్గర, చేతుల దగ్గర వదులు కావాలని రాయండి. వేళ్ళు వణికేవాళ్ళకి పెద్ద గుండీలు పెట్టమనండి. వంగి ఉన్న మనిషిని 'నిటారుగా నిలబడు నాన్నా' అని బలవంతపెట్టకండి. మనం బట్ట కుట్టిస్తున్నది ఆయన ఇప్పుడు ఎలా ఉన్నారో దానికి, పాతికేళ్ళ కిందటి ఫోటోకి కాదు.

ఆది చొక్కాని కొలిచేదెలా?

ముందు ఏది ఆది అన్నది తేల్చుకోవాలి. ఖరీదైనది కాదు, కొత్తది కాదు. బీరువాలో పది ఉన్నా, ఆయన చెయ్యి దేనిమీదికి ముందు వెళుతుందో అది! బాగా ఉతుకులు పడి, ఇక కుంచించుకుపోయేది లేదన్నది. సాగే టీషర్టులు, సాగే జీన్స్ ఆదికి పనికిరావు.

దూది పరుపు మీద వద్దు, గచ్చు మీదో బల్ల మీదో పరవండి. గుండీలన్నీ పెట్టి, ముడతలు చేత్తో సర్దండి. లాగొద్దు. ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా కొలిచి రెట్టింపు చేస్తే ఛాతీ. వీపు వైపు తిప్పి, ఒక భుజం కుట్టు నుంచి రెండో కుట్టు దాకా కొలిస్తే షోల్డర్. ఒంటి మీద ఎముక దొరకలేదని బెంగపడినవాళ్ళకి ఈ కొలతే పెద్ద దిక్కు. కాలర్ గుండీ విప్పి చాపి, గుండీ మధ్య నుంచి కాజా చివర దాకా కొలవండి. భుజం కుట్టు నుంచి కఫ్ అంచు దాకా చెయ్యి. వెనక కాలర్ కింది కుట్టు నుంచి కింది అంచు దాకా పొడవు.

వీలైతే ఆ చొక్కానే టైలర్‌కి పంపేయండి. ఇంతకంటే మంచి పని లేదు. పెళ్ళికొడుకు కిందటిసారి వచ్చినప్పుడు వదిలేసి వెళ్ళిన చొక్కా ఒకటి ఇంట్లో ఉంటుంది కదా, అడిగి చూడండి. అది ఇప్పటికీ సరిపోతోందో లేదో మాత్రం అబ్బాయినే అడగాలి.

కాగితం మీద పెట్టేముందు

కొలతలన్నీ ఒకే కాగితం మీద రాయండి. పైన పేరు, తేదీ, ఎత్తు, బరువు. కింద రెండు వరసలు. ఒకటి 'ఒళ్ళు', రెండోది 'ఆది చొక్కా'. అరలు, పావులు అక్షరాల్లో రాయండి. '15.5' కంటే 'పదిహేనున్నర' అని రాస్తే ఎవరూ పొరపాటు పడరు. పొట్ట దగ్గర వదులుగా కావాలి, కాలర్ గుండీ పెట్టరు, జేబులో కళ్ళజోడు పెట్టుకుంటారు... ఇలాంటివన్నీ కింద రాయండి. టైలర్‌కి అంకెల కంటే ఇవే ఎక్కువ చెబుతాయి.

ఎంత జాగ్రత్తగా కొలిచినా అరంగుళం అటూ ఇటూ అవుతుంది. అందులో ఏ తప్పు దిద్దుకోగలమో తెలిసి ఉండాలి. ప్యాంటు నడుము వెనక కుట్టులో బట్ట వదిలితే ఒక అంగుళం దాకా విప్పుకోవచ్చు. కింద మడతలో బట్ట వదిలితే పొడవు దించుకోవచ్చు. పక్క కుట్లు లోపలికి పట్టి వదులు తగ్గించుకోవచ్చు. కానీ షోల్డర్ తప్పితే మళ్ళీ చేతులు ఊడదీసి కుట్టాలి. ఇరుకైతే అదీ కుదరదు. కాలర్ ఇరుకైతే కొత్త కాలర్ వేయాలి. కత్తిరించిన బట్టకి పొడవు ఎక్కణ్ణుంచీ రాదు. అందుకే షోల్డర్, కాలర్, పొడవు... ఈ మూడింటి దగ్గరే మీ ఓపికంతా ఖర్చు పెట్టండి. 'లోపల బట్ట వదలండి' అని టైలర్‌కి ముందే చెప్పండి.

మంగళగిరి నూలైనా, పొందూరు ఖాదీ అయినా, లినెన్ అయినా, కత్తిరించే ముందు నీళ్ళలో తడిపి నీడన ఆరేయమనండి. లేకపోతే ఇంత కష్టపడి తీసిన కొలత మొదటి ఉతుక్కే మారిపోతుంది.

ఆఖరుగా ఒక్కటి. ఐదు చొక్కాల బట్ట ఒకేసారి ఇచ్చేయకండి. ముందు ఒకటి కుట్టించండి. అది వచ్చాక తొడుక్కుని, కూర్చుని, చెయ్యెత్తి, భోంచేసి, ఒకసారి ఉతికి చూడండి. ఎక్కడ పట్టింది, ఎక్కడ వేలాడింది రాసి పంపండి. ఏడుసార్లు కొలిచి ఒకసారి కత్తిరించమని రష్యన్లు చెబుతారు. మనవాళ్ళు అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. ఆ ఒక్క చొక్కా సరిగ్గా కుదిరిందా, ఇక దాన్ని ఆయన ఎంత ముద్దు చేసినా అరిగిపోనివ్వకండి. ఉతికి, మడతపెట్టి, ఆది జాకెట్టు పక్కనే దాచండి. ఇక ఈ ఇంట్లో మగవాళ్ళకీ ఆది ఉన్నట్టే!